పంచాయితీలో తెగిన వైద్యం

దశరథం చేత తాగుడు మాన్పించాలని బోధన్‌లో వాళ్ల వాడ వాడంతా ఏనాడో తీర్మానించింది. కానీ మాన్పించడంలో కూడా ఎక్కువ తక్కువలు ఉంటాయనీ, వాటిలో ఒకటి ఏరుకోవాలనీ నిజామాబాద్ దవాఖానా గడప తొక్కేదాకా ఎవరికీ తెలియదు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. మద్యనిషేధం వచ్చింది, పోయింది. అది ఉన్నప్పుడే మానని వాళ్లు పోయాక మానతారా? దశరథం చక్కెర ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. గొలుసులు చుట్టిన చెరుకు మోపును బండి మీంచి లేపి గానుగకు పోయే పట్టా మీద దించడం ఆయన పని. పోయిన సీజన్ చివర్లో, కడుపులో క్వార్టర్ బ్రాందీతో పైకెక్కి, మోపును పట్టా మీద కాకుండా ఒక ఎడ్లబండి ముందర దించాడు. ఎడ్లు కాడి తెంపుకొని పరుగెత్తాయి. బండివాడు ఎలా బతికాడో వాడికే తెలియాలి. యార్డు ఆఫీసరు దయగల మనిషి కాబట్టి పోలీసుల దాకా పోనీయలేదు. తాగుడు మానినట్టు డాక్టరు దగ్గర చీటీ తెస్తే వచ్చే సీజన్‌కు క్రేను మళ్లీ నీకే ఇస్తాను, తేకపోతే ఇంకొకడు ఎక్కుతాడు అని చెప్పి పంపాడు.

ఆ క్రేను మీద దశరథం కంటే ఆయన భార్య గంగమణికే మనసెక్కువ. ఆయన పైన కూర్చొని ఉంటే ఈమె కింద సద్దిగిన్నె పట్టుకొని వచ్చేది. బారులు తీరిన బండ్ల రైతులంతా "క్రేనాయన ఇల్లాలు, జరుగుండ్రి" అని దారి ఇచ్చేవారు. ఇరవై ఏళ్లుగా బీడీలు చుట్టిన వీపుకు ఆ నాలుగు అడుగుల దర్జా ఒక్కటే ఊరట. జీతం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ దారి తనకు మళ్లీ కావాలి.

ఇక్కడే ఒక సంగతి చెప్పుకోవాలి. గంగమణి తాగదు. అది వాడకంతటికీ తెలుసు. కల్లు తాగుతుంది, కానీ అది వేరే సంగతి. పగటిపూట నడుము పట్టేస్తే ఒక సీసా, పొద్దుగూకాక చేతులు లాగితే ఇంకొకటి, నిద్ర రాకపోతే మరొకటి. పక్కన కూర్చొని బీడీలు చుట్టే హన్మవ్వా అంతే, వాడలో ఆడవాళ్లందరూ అంతే. దాన్ని తాగుడు అంటే అన్నం తినడాన్ని కూడా దురలవాటు అనాలి.

నిజామాబాద్‌లో మిషన్ వాళ్ల సాయంతో నడిచే చిన్న దవాఖానా అది. రేకుల కప్పు, నాలుగు గదులు, రెండు పెద్ద చాపలు. అక్కడ డాక్టరు ఉండేది కాసేపే. తక్కినదంతా జ్ఞానమ్మ సిస్టరే చూసుకునేది. డిచ్‌పల్లి వైపు మనిషి, మాట మెత్తన, చూపు మాత్రం గట్టిది.

"ఈడ పండవెట్టుకునుడు లేదు," అంది ఆమె. "ఇంటికాడికెల్లే వచ్చిపోవాలె. వచ్చుడు మూడు తీర్లుంటది. వారానికొక్కసారి వచ్చి ముచ్చట జెప్పి గోలీలు తీస్కపోవుడు ఒకటి. వారంల మూడు దినాలు వచ్చి, పగటన్నం యాళ్ల దాక అందరి నడుమ కూసోని మాట్లాడుడు ఇంకోటి. లేకుంటే రోజూ. పొద్దుగాల వచ్చి పొద్దుగూకంగ పోవుడు, ఇంట్లకెల్లి ఒకలు ఎంబడి రావాలె. ఎవలికి ఏది అక్కెరనో డాక్టరు సారు సూసి జెప్తడు. నయమైతె కిందికి దించుతం, కాకుంటె మీదికి ఎక్కిస్తం."

డాక్టరు దశరథం చేతులు చాపమన్నాడు, నాలుక చూశాడు. పోయిన ఏడాది ఒకసారి మానబోయి గోడ మీద చీమలు పారుతున్నాయని కర్రతో కొట్టిన సంగతీ, ఫిట్స్ వచ్చి పడిన సంగతీ గంగమణి చెప్పింది. డాక్టరు ఒక్క మాటే అన్నాడు, రోజూ రావాలని.

"నాకు అంత లేదు సారు," అన్నాడు దశరథం. "వారానికోసారి సాలు. ఫ్యాక్టరీ పనులుంటయి, సంసారముంటది."

"రోజూనే ఇయ్యిండ్రి సారు," అంది గంగమణి. "దానికంటె పెద్దది ఉంటె అదే ఇయ్యిండ్రి."

ఆ రోజు ఏదీ తేలలేదు. బస్సులో తగువు, ఇంట్లో తగువు. ఆయన వారానికోసారి అంటాడు, ఈమె రోజూ అంటుంది. ఇలాంటప్పుడు మన వాళ్లేం చేస్తారు? పెద్దమనిషిని పిలుస్తారు. గంగమణి అన్న నర్సింలు ఆ వాడకు పెద్దమనిషి. గట్టు తగాదా అయినా, మొగుడూ పెళ్లాల ఎడబాటైనా, కోడి దొంగతనమైనా ఆయన దగ్గర ఒకటే తీర్పు. అటువైపు ఎంతంటారో వింటాడు, ఇటువైపు ఎంతంటారో వింటాడు, నడుమకు నరుకుతాడు. ఇరవై ఏళ్లలో ఆయన తీర్పుకు ఎదురు లేదు.

నర్సింలు మంచం మీద కూర్చొని రెండు పక్షాలూ విన్నాడు. "డాక్టరు రోజూ అన్నడు. బావ వారానికోసారి అంటున్నడు. సూడు చెల్లె, డాక్టరు జెప్పింది మొదటి మాట. అంగట్ల ఎడ్లమ్మేటోడు గూడ మొదటి మాట ఎక్కువనే జెప్తడు. దించుకునుడు మన పని. అటు గాదు, ఇటు గాదు, మూడు దినాలు. ఇద్దరికీ సమ్మతమేనా?"

సమ్మతమే. దశరథం నాలుగు దినాలు మిగిలాయని సంతోషించాడు, గంగమణి రెండు దినాలు పెంచానని సంతోషించింది. రోగాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

మాట తెగాక నోరు ఎండబెట్టుకొని లేచే ఆచారం ఆ వైపు లేదు. కల్లు తెప్పించకపోతే తీర్పుకు విలువేముంటుంది, రేపు ఎవడైనా కాదంటే సాక్ష్యమేది? సీసాలు వచ్చాయి. దశరథం గ్లాసు దగ్గర నర్సింలు ఒక్క క్షణం ఆగి చెల్లెలి వైపు చూశాడు.

"కల్లే గద అన్నా, మందు గాదాయె," అంది గంగమణి. "చెట్టు పాలు. కడుపు సల్లవడ్తది." మొగుడి గ్లాసులో తన చేత్తోనే పోసింది.

మర్నాడు ముగ్గురూ కలిసి నిజామాబాద్ పోయి తీర్పు వినిపించారు. కల్లు వాసనకు జ్ఞానమ్మ ముక్కు ఒకసారి ఎగపీల్చింది.

"మోతిజ్వరం వస్తె గూడ పంచాయితీ వెడ్తరా మీరు?"

"అక్కెరొస్తె పెడ్తం," అన్నాడు నర్సింలు నిబ్బరంగా.

డాక్టరు నవ్వలేదు. సరే, మీ మూడు దినాలే కానీయండి, నడవకపోతే రోజూ రావలసిందే అన్నాడు. కల్లు కూడా బంద్ అన్నాడు. ఆ మాటకు నర్సింలు లేచి నిలబడ్డాడు. పిల్లల దిష్టి తీసేది కల్లుతో, ఎల్లమ్మకు సాక పోసేది కల్లుతో, చచ్చినవాడి నోట్లో పోసేది కల్లు. ఈ డాక్టరు ఏ దేశం నుంచి దిగివచ్చాడని ఆయనకు నిజంగానే అనుమానం వచ్చింది.

మూడు దినాల వైద్యం రెండు వారాలు నడిచింది. బ్రాందీ మానేశాడు దశరథం, అందులో అబద్ధం లేదు. ఆ లోటంతా బావమరిది పక్కన కూర్చొని కల్లుతో పూడ్చుకున్నాడు. ఒకనాడు దవాఖానా చాప మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగి గురక పెట్టాడు. డాక్టరు ఆయన్ని పైమెట్టుకు ఎక్కించాడు. ఇక రోజూ రావాలి, గంగమణి వెంట రావాలి.

"నేను మంచిగనే తెంపిన," అన్నాడు నర్సింలు. "నడిపిచ్చుకునుడు మీకు చేతగాలే."

గంగమణికి మాత్రం లోలోపల గెలిచినట్టే ఉంది. తెల్లవారి మొదటి బస్సు పట్టేది. బీడీ ఆకు హన్మవ్వకు అప్పజెప్పి పోయేది. దవాఖానాలో గోడ పక్కన వెంట వచ్చిన వాళ్ల చాప ఒకటి, నడుమ తాగేవాళ్ల చాప ఒకటి. వారం తిరగకుండానే ఆమె ఆ గోడ పక్క చాపకు పెద్ద అయింది. కొత్తగా వచ్చిన ఆడవాళ్లకు నచ్చజెప్పేది. అవతలి చాప మీది మొగవాళ్లను కడిగేసేది. "నీకు సిగ్గుండాలె బిడ్డా, నీ పెండ్లాం మొఖం సూడు" అని ఆమె అంటే గడ్డాలు నెరసిన వాళ్లు కూడా తల దించుకునేవారు. జ్ఞానమ్మ విని ఊరుకునేది.

సాయంత్రం ఇల్లు చేరేటప్పుడు గంగమణి దారిలో కల్లు దుకాణం దగ్గర ఆగేది. మొగుడి కంటబడకుండా సీసాలు కొంగులో చుట్టుకొని తెచ్చి, వంటింటి తలుపు వేసుకొని తాగేది. ఆయన మనసు చెదరొద్దని అంత జాగ్రత్త. లోకంలో ఇంకే భార్య చేస్తుంది ఇంత, అనుకునేది కూడా.

దశరథానికి నిజంగానే నయమవుతోంది. చేతుల వణుకు పోయింది, ముఖం తేటబడింది. ఆకలి పుట్టింది. వేళకు నిద్రపోయి వేళకు లేస్తున్నాడు. మాట తక్కువైంది, చూడటం ఎక్కువైంది. వంటింటి తలుపు మూసుకున్నప్పుడల్లా ఆ తలుపు వైపు చూసేవాడు.

అప్పుడు ఎక్సైజు వాళ్లు బోధన్‌లో కల్లు దుకాణాలన్నీ బంద్ పెట్టించారు. కల్లులో ఏవో కలుపుతున్నారని తనిఖీ అట. ఊరు ఊరంతా జ్వరం వచ్చినట్టు అయిపోయింది. ఆడవాళ్లు ఊరికే ఏడుస్తున్నారు, మొగవాళ్లు ఊరికే కొట్లాడుతున్నారు. ఇన్ని తగాదాలుంటే పెద్దమనిషికి పండగే కదా, కానీ నర్సింలు ఏ పంచాయితీకీ పోకుండా దుప్పటి కప్పుకొని మంచం పట్టాడు.

మూడోనాడు దవాఖానాలో అన్నాల వేళ. గంగమణి రెండు రాత్రులుగా కన్ను మూయలేదు. ఒళ్లంతా చెమట, నోట్లో మెతుకు దిగదు. అయినా గోడ పక్క చాప మీద కూర్చొని ఎవరికో బుద్ధి చెబుతూనే ఉంది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఆమె చేతులు ఒళ్లో ఆడడం మొదలైంది. ఎడమ చేతిలో లేని ఆకును పరిచింది, దాని మీద లేని తంబాకు చల్లింది, వేళ్లతో చుట్టి కొన మడిచి దారం కట్టి పక్కన పెట్టింది. మళ్లీ ఇంకొకటి అందుకుంది. అంత వేగంగా ఆమె ఇంట్లో కూడా చుట్టి ఉండదు.

"హన్మవ్వ, దారం అందుకో," అంది గాలితో. "కార్ఖానకు బీడీల గంప పోయే యాళ్లాయె."

ఎవడో నవ్వాడు. దశరథం నవ్వలేదు, అన్నం ముందునుంచి లేచి వచ్చాడు. ఆయన అందుకునేలోపే ఆమె ఒళ్లు కట్టెలా బిగుసుకొని పక్కకు పడింది. ఆయన ఆమెను ఒక పక్కకు తిప్పి, తల కింద తన తువ్వాల పెట్టి, కొట్టుకుంటున్న చేతులు గోడకు తగలకుండా అడ్డం కూర్చున్నాడు. పక్కనే కూర్చొని జ్ఞానమ్మను పిలిచాడు.

సూది పడ్డాక చాలాసేపటికి గంగమణి కళ్లు తెరిచింది. పక్కన సిస్టరు ఉంది.

"ఎన్నేండ్లాయె అక్కా, కల్లు వట్టి?"

"పట్టుడేంది సిస్టరమ్మా. మా అవ్వ బాలింతగ ఉన్నప్పుడే నా నోట్ల సుక్క పోసిందట."

"గప్పటి కల్లు వేరు. ఇప్పుడు గా సీసల చెట్టు నుంచి దిగింది ఎంత, నిద్రగోలీల పొడి ఎంత? నీ ఒళ్లు గా పొడికి అలవాటు వడ్డది. ఒక్కసారి ఆపితె పానం మీదికొస్తది, గోలీలిచ్చుకుంట మెల్లగ దించాలె. డాక్టరు సారు జెప్పిండు, నువ్వు గూడ రోజూ రావాలె."

"నేను రోజూ వస్తనే ఉన్న గద."

"గీ చాప మీదికి గాదు," అంది జ్ఞానమ్మ. "గా చాప మీదికి."

గంగమణికి తల కొట్టేసినట్టైంది. "నేను ఎంబడొచ్చిన మనిషిని సిస్టరమ్మా. పేషెంటు ఆయన," అంది. అని కొంగు సర్దుకొని, నడవలేక నడుస్తూ బస్సుకు పోయింది.

మర్నాడే దుకాణాలు తెరిచారు. మొదటి సీసా దిగగానే గంగమణి చేతులు నిలిచాయి, రెండోదానికి ఆకలి వేసింది. "సూసినవా?" అంది మొగుడితో. "రోగమైతె కల్లుకు తగ్గుతదా?"

"తగ్గుతది," అన్నాడు దశరథం. "నాది గూడ బ్రాందికి తగ్గుతుండె."

దసరా పోయి చలి మొదలయ్యేసరికి డాక్టరు దశరథాన్ని మెట్టు మెట్టుగా దించి వారానికోసారికి తెచ్చాడు. చీటీ రాసిచ్చాడు. ఆఫీసరు చీటీ చూసి చేయి కలిపాడు. సీజన్ మొదటి రోజు నుంచే పగటి పాళీ, క్రేను నీదే అన్నాడు. గంగమణి ఆ రోజు వాడంతా బెల్లం పంచింది.

కానీ జ్ఞానమ్మ వదిలే మనిషి కాదు. దశరథం పోయినప్పుడల్లా కబురు పంపుతూనే ఉంది, గంగమణి రోజూ రావాలి, ఇంట్లోంచి ఒకరు వెంట రావాలి, మళ్లీ ఫిట్స్ వస్తే మనిషి దక్కదని. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒక్క బిడ్డ పెళ్లయి ధర్మాబాద్‌లో ఉంది, చంటిపిల్లల తల్లి. పగలు క్రేను మీద కూర్చునే మనిషి పగలు దవాఖానాలో ఎలా కూర్చుంటాడు? మళ్లీ నర్సింలు వచ్చాడు, మళ్లీ మంచం మీద కూర్చున్నాడు.

"రోజూ అంటున్నరు. మనం మూడు దినాలకు..."

"వారానికోసారి," అంది గంగమణి. "అదే ఎక్కువ. ఆయన క్రేను పోవద్దు. నా పానం పోతె పాయె."

నర్సింలు కళ్లు తుడుచుకున్నాడు. అరుగు మీది ఆడవాళ్లు తుడుచుకున్నారు. మొగుడి నౌకరి కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే ఇల్లాలు ఈ కాలంలో ఎక్కడుంది అన్నారు. ఆ మాటలు వింటుంటే గంగమణికి కూడా తాను అందుకే అన్నానని నమ్మకం కుదిరింది. అందరూ మెచ్చుకున్నారు, సీసాలు ఖాళీ చేశారు, పోయారు.

అందరూ పోయాక దశరథం అన్నాడు. "సంసారం కోసం, ఫ్యాక్టరీ కోసం వారానికోసారి సాలని నేనంటుంటి. గా మాటలు నాయే. నాకు తెల్వదా అవి యాడికెల్లి వస్తయో?"

"తాగుబోతోనివి, నువ్వు నాకు జెప్తవా?"

"తాగుబోతోన్నే గద జెప్తున్న," అన్నాడు ఆయన.

గంగమణికి ఒళ్లు భగభగ మండింది. ఎన్నేళ్లు చాకిరీ చేసింది ఈ మనిషికి, మోరీలోంచి ఎన్నిసార్లు లేపి తెచ్చింది. ఈయన కళ్లు తేటబడాలని మొక్కని దేవుడు లేడు. తేటబడిన కళ్లు తిరిగి తిరిగి తన మీదే వాలతాయని ఆ దేవుళ్లలో ఒక్కరూ ముందు చెప్పలేదు. తెలిసి ఉంటే ఒకటి రెండు మొక్కులు తగ్గించుకునేది.

సీజన్ మొదలయ్యే ముందురోజు పొద్దుగూకాక ఆమె దుకాణానికి పోయి సీసాలు తెచ్చింది. ఈసారి వంటింట్లోకి పోలేదు. దశరథం అన్నం తిని గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. ఒక సీసా ఆయన ముందు పెట్టింది, ఒకటి తన ముందు పెట్టుకొని కూర్చుంది.

"రేపు క్రేను ఎక్కుతున్నవు. ఇయ్యాల్టికి జర నోరు తడుపుకో. ఇంత ఖుషీల కూడ తాగకుంటె ఎట్ల?"

దశరథం సీసా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. చేయి మెల్లగా వచ్చి సీసా మెడ పట్టుకుంది.

గంగమణికి సంతోషమైంది. దాచడానికేముంది, పట్టరాని సంతోషమైంది. ఒక్క సీసా దిగితే చాలు, ఆ కళ్లు మళ్లీ మసకబారతాయి, ఇక ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ చూడరు. హాయిగా ఉంటుంది. అంతవరకు అనుకొని, ఏమనుకుందో అప్పుడు వినబడినట్టు ఉలిక్కిపడింది. నాలుగు నెలలు బస్సుల్లో తిరిగి, బీడీ పని పోగొట్టుకొని, ఊరందరి ముందు కొట్లాడి బాగు చేసుకున్న మనిషిని తన చేతులతో మళ్లీ పడదోస్తోంది. పడుతున్నాడని సంబరపడుతోంది. బ్రాందీ దుకాణం వాడు కూడా ఇంత పని చేసి ఉండడు.

దశరథం సీసా ఎత్తలేదు, వదలలేదు. "నువ్వు తాగుమంటె తాగుత," అన్నాడు. "నాకు గూడ తాగాల్ననే ఉన్నది. నిజం జెప్తున్న."

ఆమె ఆయన చేతిలోంచి సీసా గుంజుకొని పోయి మోరీలో వంపేసింది. వంచుతూ ఏడ్చింది. ఆ ఏడుపులో సగం మొగుడి కోసం, సగం కల్లు కోసమే, ఏది ఎంతో ఆమెకే తెలియలేదు. తన సీసా కూడా వంపబోయి ఆగింది. ఒక్కసారి ఆపితే ప్రాణం మీదికి వస్తుందని సిస్టరమ్మ చెప్పింది కదా. దవాఖానా చెప్పిన మాటల్లో గంగమణి మొట్టమొదట పాటించింది అదే. ఆ సీసా తాగేసి, మూతి తుడుచుకుంది.

"రేపు గా సిస్టరమ్మకాడికి తోల్కపో," అంది. "రోజూ అనే జెప్పు."

మర్నాడు తెల్లవారకముందే దశరథం యార్డు ఆఫీసరు ఇంటికి పోయి, పగటి పాళీ చేయలేనన్నాడు. ఎందుకంటే నిజామాబాద్ దవాఖానాకు రోజూ పోవాలన్నాడు. ఎవరి కోసమో చెప్పలేదు. ఆఫీసరు ఆయన ముఖంలోకి చూసి పెద్ద నిట్టూర్పు విడిచాడు. బాయిలర్ దగ్గర రాత్రి పాళీలో బూడిద ఎత్తే పని ఉంది, చేస్తే చేయి అన్నాడు. క్రేను మీదికి ఎడపల్లి మనిషి ఒకడు ఎక్కాడు.

ఇక ఊరికి చెప్పేదేముంది? దశరథం క్రేను పోయింది, మళ్లీ రోజూ తాగుడు దవాఖానా బస్సెక్కుతున్నాడు. రెండూ రెండూ నాలుగు. "నా చెల్లె తలరాత," అని నర్సింలు అందరి దగ్గరా వాపోయాడు. గంగమణికి దారి పొడుగునా సానుభూతి. మొదట్లో ఆమె కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆ సానుభూతి ఒంటికి బాగానే పట్టింది. అవతలి చాప మీద కూర్చొని పొద్దంతా సిగ్గుతో చచ్చి, బస్సు దిగగానే పతివ్రత అనిపించుకోవడం ఎవరికి చేదు?

ఒకనాడు పొద్దున బస్సులో హన్మవ్వ ఎక్కింది, బీడీ కార్మికుల పీఎఫ్ పని మీద నిజామాబాద్ పోతూ. ఎదురుగా చెరుకు బండ్లు బారుగా వస్తున్నాయి. దశరథం కిటికీ పక్కన కూర్చున్నాడు, కనుబొమ్మల్లో ఇంకా రాత్రి బూడిద ఉంది.

"మళ్ల మొదలువెట్టిండా అక్కా?" అంది హన్మవ్వ, బస్సంతా వినేలా. "క్రేను గూడ పాయె. నీ అసొంటి ఇల్లాలు దొరికి గూడ బాగుపడకపాయె. మొగోల్ల జాతే గంత."

దశరథం విన్నాడు. కిటికీలోంచి చెరుకు బండ్లనే చూస్తూ ఉన్నాడు. ఏమీ అనలేదు. ఇక ముందు కూడా ఏమీ అనడని గంగమణికి తెలుసు. అనకుండా, క్రేను పోగొట్టుకొని, బూడిద ఎత్తి, తాగుబోతన్న పేరు మోసి, ఎల్లుండి కూడా ఇదే సీట్లో తన పక్కన కూర్చుంటాడు.

"ఆయనకు గాదు," అంది గంగమణి. "ఆయన సుక్క ముట్టక నెలలాయె. దవాఖానా నాకు."

"నీకేమైంది?"

"కల్లు."

హన్మవ్వ పకపకా నవ్వింది. తోడు నవ్వుతారని బస్సులో ఆడవాళ్ల వైపు చూసింది. ఒక్కరూ నవ్వలేదు. కొందరు కిటికీల వైపు తిరిగారు, కొందరు గంగమణి చేతుల వైపే చూస్తున్నారు. హన్మవ్వ నవ్వు మెల్లగా ఆగింది. తన రెండు చేతులు కొంగు కింద పెట్టుకుంది. బస్సు జానకంపేట దాటాక గంగమణి చెవి దగ్గరికి వంగింది.

"రోజూ పోవాల్నా?"

"రోజూ."

"వారానికోసారి పోతె నడువదా అక్కా?"